నాలుగొందల ఏళ్లు ఖాళీగా వదిలేసిన వంశవృక్షం: ఒంగోలు లాయరుపేట సర్వీసు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది పొడుగు రివ్యూ. "మాది ఫలానా రాజుల వంశం" అని ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాటకు ఆధారం వెతికించుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు దీన్ని ఓపిగ్గా చదవండి. వంశవృక్షాలకు ఆధారాలు వెతికిపెట్టే ఈ సర్వీసుకు ఐదుకు నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర ఎందుకు తగ్గించానో చివర్లో రాస్తాను.

మాది దర్శి వైపు పల్లె. మా జేజమ్మ బతికున్నన్నాళ్లూ ఒకటే మాట, "మనది అద్దంకి వేమారెడ్డి వంశం అమ్మాయ్" అని. అద్దంకిలో రెడ్డి రాజ్యం పెట్టిన ప్రోలయ వేమారెడ్డి అన్నమాట. ఆమెకు ఎవరు చెప్పారంటే వాళ్ల అత్త, ఆ అత్తకు ఇంకెవరో. రెండేళ్ల కిందట మా పెదనాయనకు ఎనభై నిండుతుంటే పిల్లలందరం కలిసి వంశవృక్షం చేయించి ఇద్దామనుకున్నాం. వేరే ఊళ్లో ఒకాయన చేస్తారని తెలిసి పదిహేను వేలు కట్టాం. ఇరవై రోజుల్లో పెద్ద ఫ్రేము వచ్చింది. పైన సూర్యుడి బొమ్మ, దాని కింద "సూర్యవంశం", ఆ కింద ప్రోలయ వేమారెడ్డి, అక్కడి నుంచి ఒక్క తరం కూడా తప్పకుండా ఇరవై రెండు తరాలు దిగి మా పెదనాయన దాకా. అందరం ఏడ్చినంత పనైంది సంతోషంతో. పెదనాయన దాన్ని హాల్లో పెట్టించుకున్నారు.

ఏడాది తర్వాత చరిత్రలో ఎంఏ చేసిన మా తమ్ముడి స్నేహితుడు భోజనానికి వచ్చి ఫ్రేము చూసి, "అక్కా, పైనున్న ఈ రాజుల్లో అనవేమారెడ్డి అనపోతారెడ్డికి కొడుకు కాదు, తమ్ముడు" అన్నాడు. మొదట్లోనే తప్పుంటే కిందున్న మా పేర్లు ఎంతవరకు నమ్మాలి? ఫ్రేము చేసినాయనకు ఫోన్ చేసి "ఈ పేర్లు ఎక్కడ దొరికాయండీ?" అని అడిగితే సమాధానం లేదు, రెండోసారి ఫోన్ ఎత్తలేదు. అప్పుడు వెతుక్కుంటే దొరికింది ఈ లాయరుపేట సర్వీసు.

ఉండేది ముగ్గురే. తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారు, దస్తావేజులు రాయడంలో చేయి తిరిగిన పెద్దాయన ఒకరు, కంప్యూటరు పని చూసే అమ్మాయి. మేడ మీద చిన్న గది. మొదటి దశకు ఆరు వేలు, రెండో దశకు ఎనిమిది వేలు, ప్రయాణాలు, నకళ్ల ఫీజులు వేరే. ప్రతి ఖర్చుకీ రసీదు ఇచ్చారు, నలభై రూపాయల జిరాక్సుతో సహా.

నేను ఫ్రేము ఫొటో చూపించి ప్రోలయ వేమారెడ్డి గురించి మొదలుపెడితే మాస్టారు ఆపేశారు. "రాజుల సంగతి తర్వాత చూద్దాం అమ్మా. మీ ముత్తాతగారు ఏ సంవత్సరంలో పోయారు?" అన్నారు. మాలో ఎవరికీ తెలియదు. దాదాపు ఏడొందల ఏళ్ల కిందటి రాజు పేరు తెలుసు, తాత తండ్రి ఎప్పుడు పోయాడో తెలియదు. ఆ రోజు ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచించాను.

వాళ్ల పద్ధతి అది. మన దగ్గర నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తారు, ప్రతి మెట్టుకీ కాగితం ఉండాలి. ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ దించమన్నారు. పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, పెళ్లి శుభలేఖలు, జాతకాలు, ఏదీ పారేయొద్దన్నారు. మా అటక మీద రేకు పెట్టెలో 1931 నాటి వీలునామా తాలూకు ఒక ముక్క దొరికింది, సగం చెదలు తినేసింది. నంబరు మాత్రం మిగిలింది.

ఇక్కడ ఒక పనికొచ్చే సంగతి. మేం ఇదివరకే ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే పత్రాలు) తీయించాం, వాటిలో ఈ వీలునామా ఎక్కడా రాలేదు. దస్తావేజుల పెద్దాయన చెప్పారు, రిజిస్ట్రారు ఆఫీసులో ఆస్తి లావాదేవీలు ఒకటో నంబరు పుస్తకంలో, వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయట, ఈసీలో వీలునామా కనపడదట. రాసినాయన బతికుండగా ఆయనకో ఆయన తరఫు ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది అక్కడే ఆగిపోయి ఉంటారో! మరణించినట్టు ఆధారం పెట్టి, రెండు నెలలు తిరిగి ఆయనే నకలు తెప్పించారు.

ఆ నకలు చదువుతుంటే నాకు చేతులు వణికాయి. ముత్తాత అందులో తనను మేనమామ దత్తత తీసుకున్నట్టు తానే రాసుకున్నారు. అంటే ఇప్పుడు మేం మోస్తున్న ఇంటిపేరు ఆయన పుట్టిన ఇంటిది కాదు. ఫ్రేము చేసినాయన ఆ ఇంటిపేరే పట్టుకుని పైకి ఎక్కించుకుంటూ పోయాడు! ఇంకొకటి కూడా ఉంది. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన కూతురు ఒకామెకు బావి దగ్గరి ఎకరంన్నర పొలం "జీవితాంతం అనుభవించి" అని రాసిపెట్టారు. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "చిన్నప్పుడు వసారాలో ఒక ముసలామె ఉండేది, నాకు మామిడితాండ్ర పెట్టేది, ఆమేనేమో" అన్నారు. నేను కట్టిన డబ్బంతా ఆ ఒక్క మాటకే సరిపోయిందనిపించింది నాకు.

అక్కడి నుంచి 1860ల దాకా వెళ్లగలిగారు. మా ఊళ్లో చెరువు మరమ్మతు చూసినందుకు దశబంధం అనే ఇనాం భూమి ఉండేదట. ఇలాంటి ఇనాములను విచారించిన బ్రిటిషు కాలం నాటి ఇనాం కమిషను వాళ్ల రిజిస్టరులో అప్పటికి అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదట ఇనాం పొందింది ఎవరు అని గడులు ఉంటాయి. ముత్తాతను దత్తు తీసుకున్న ఇంటి పెద్ద పేరు అలా దొరికింది, ఆయన కంటే ముందు ఒక్క తరం దొరికింది. ఆ పైన ఏమీ లేదు. మాస్టారు అక్కడ అడ్డంగా గీత గీసి "ఇక్కడి దాకా రుజువు" అని రాశారు.

రెండో దశ రాజుల వైపు నుంచి కిందికి. ఇది నాకు చాలా నచ్చిన భాగం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

నేను ఒక రోజు అడిగాను, "విదేశాల్లో ప్రభువుల వంశాలన్నీ వీలునామాలు పట్టుకుని తీస్తారట కదా మాస్టారూ, మన రాజులకు వీలునామాలు లేవా?" అని. ఆయన చెప్పింది విన్నాక విషయం అర్థమైంది. మితాక్షర అనే పాత ధర్మశాస్త్ర గ్రంథం ప్రకారం తండ్రి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది, ఇక రాసివ్వాల్సిన పనేముంది? ఆ మితాక్షరను తెలుగులో "విజ్ఞానేశ్వరీయం"గా చేసింది మన నెల్లూరు వైపు కవి, తిక్కన శిష్యుడు కేతన. అదే కేతన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిస్తూ తిక్కన తాత మంత్రి భాస్కరుడు, తండ్రి కొమ్మన అంటూ వంశమంతా చెప్పాడు కాబట్టే ఈ రోజు మనకు తిక్కన ఇంటి సంగతులు తెలుసు. కావ్యం మొదట్లో ఉండే కృతిపతి (అంకితం తీసుకున్నవాడు) వంశవర్ణన కూడా వీళ్లకు ఒక ఆధారమే. ప్రోలయ వేమారెడ్డి వంశం కోసం ఎర్రన హరివంశం అవతారిక, అంటే మొదట్లో ఉండే పీఠిక, చదివించారు నాతో.

వీలునామా లేని చోట ఆ పని చేసేది దానశాసనం. రాతి మీదా రాగిరేకు మీదా దానమిచ్చినవాడు తన తాత తండ్రుల్ని చెప్పుకుంటాడు, ఎవరి పుణ్యం కోసం ఇస్తున్నాడో చెప్తాడు. "మా తల్లిదండ్రులకు పుణ్యముగాను" అన్న ఒక్క ముక్కలో తల్లి పేరు, తండ్రి పేరు వచ్చేస్తాయి. అనవేమారెడ్డి నడుపూరు అనే ఊరిని తోబుట్టువు వేమసాని పుణ్యం కోసం దానమిచ్చాడు, అందువల్లే ఆమె పేరు మిగిలింది. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ ఫిరంగిపురంలో సంతానసాగరం తవ్వించింది, 1409 నాటి ఆ శాసనం రాసింది శ్రీనాథుడు. మాస్టారు ఇదంతా చెప్తుంటే నాకు మా ముత్తాత వీలునామాలోని ఆ కూతురే గుర్తొస్తోంది. ఎవరో ఒకరు ఎకరంన్నర రాసిపెట్టకపోతే ఆమె ఉన్నట్టే తెలిసేది కాదు కదా.

ఇప్పుడు ఆ ఫ్రేములోని తప్పు అసలు ఏమిటో చెప్తాను, ఇది తెలిస్తే మీ ఇంట్లో ఉన్న వంశవృక్షాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. రాజుల వరస, వంశం వరస ఒకటి కాదు. అద్దంకిలో రాజ్యం పెట్టిన ప్రోలయ వేమారెడ్డి తర్వాత కొడుకు అనపోతారెడ్డి వచ్చి రాజధానిని కొండవీడుకు మార్చాడు. అనపోత 1364లో పోతే సింహాసనం ఎక్కింది తమ్ముడు అనవేమారెడ్డి. ఆయన తర్వాత 1386లో వచ్చిన కుమారగిరి, అనవేముడి కొడుకు కాదు, అనపోత కొడుకు. కుమారగిరి తర్వాత వచ్చిన పెదకోమటి వేమారెడ్డి అసలు ఈ కొమ్మవాడే కాదు, ప్రోలయ వేముడి అన్న మాచారెడ్డి సంతతి. చివరి రాజు రాచవేముడు మాత్రం పెదకోమటి కొడుకు, 1424తో వాళ్ల రాజ్యం ముగిసింది. ఫ్రేము చేసినాయన రాజుల జాబితా తీసుకుని ఒకరి కింద ఒకరిని కొడుకులుగా పెట్టుకుంటూ పోయాడు. కుమారగిరి తోబుట్టువు మల్లాంబను చేసుకున్న కాటయవేముణ్ని కూడా కుమారగిరికి ఇంకో కొడుకుగా చూపించాడు.

పైగా అందరూ వేములే! ప్రోలయ వేముడు, అనవేముడు, కాటయవేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు వల్ల ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే పేరు ఒక్కటే చూసి ఎవరినీ గుర్తుపట్టకూడదని, తండ్రి పేరు, బిరుదులు, సంవత్సరం, ఊరు నాలుగూ కలిస్తేనే ఒప్పుకోవాలని మాస్టారు నియమం. మా ముందు వెంకటగిరి వైపు నుంచి ఒకాయన వచ్చారు. రేచర్ల అన్న పేరు చూసి శాసనంలోని రేచర్ల రెడ్లను, వెంకటగిరి రాజులైన వెలుగోటి వారి మూలపురుషులు రేచర్ల వెలమలను కలిపేసుకున్నారు. మాస్టారు గంటసేపు కూర్చోబెట్టి విడదీసి చెప్పారు, దానికి డబ్బు తీసుకోలేదు.

సంవత్సరం తీయడం నాకు కూడా నేర్పారు. శాసనంలో శకవర్షం ఉంటుంది, దానికి 78 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఒక్కోసారి అంకెలకు బదులు మాటలుంటాయి, వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. గగనం అంటే సున్నా, వసువులు ఎనిమిది, కరములు రెండు, శశి ఒకటి. "గగన వసు కర శశి" అంటే తిరగేసి 1280. దానికి 78 కలిపితే 1358, విళంబి. విళంబి మళ్లీ మనకు 2018లో వచ్చింది, మధ్యలో 660 ఏళ్లు, అంటే సరిగ్గా పదకొండు అరవైలు. లెక్క కుదిరింది! శకవర్షం, సంవత్సరం పేరు రెండూ కలవకపోతే ఆ శాసనాన్ని అనుమానించాలట. మా అబ్బాయి ఏడో తరగతి, వాడు ఆ సాయంత్రమంతా ఇంట్లో అందరి పుట్టినరోజులూ శకవర్షాల్లోకి మార్చాడు.

ఆ 1358 ఊరికే తీసుకున్న అంకె కాదు. రెండో దశ ఫీజులో ఒక రోజు ప్రయాణం కలిసి ఉంది, కారు ఖర్చు మాత్రం మనది. మమ్మల్ని మోటుపల్లి తీసుకెళ్లారు. ఒకప్పుడు మన ప్రకాశంలో ఉన్న ఊరు, ఇప్పుడు బాపట్ల జిల్లా. ప్రోలయ వేముడి తమ్ముడు మల్లారెడ్డి గెలిచిన రేవు అదే. అనపోతారెడ్డి 1358లో అక్కడ వర్తకుల కోసం శాసనం వేయించాడు. అంతకు ముందు, 1244లో, కాకతి గణపతిదేవుడు ఓడ పగిలిన వర్తకులకు అభయమిచ్చిన శాసనం వీరభద్రుడి గుడి దగ్గర ఉంది. గణపతిదేవుడి శాసనం కాకతీయుల వంశాన్ని సూర్యుడి దగ్గర మొదలుపెట్టి కరికాల చోళుణ్ని దాటించి కిందికి దించుతుంది. మాస్టారు వేలితో చూపిస్తూ, "పైన ఉన్నది గౌరవం కోసం, కింద తాత, తండ్రి పేర్లు దగ్గర నుంచి చరిత్ర" అన్నారు. తర్వాత ఆయన చెప్పిన మాట నన్ను కదిలించింది. రెడ్డి రాజులు తమ రాగిరేకుల్లో సూర్యవంశమనీ చంద్రవంశమనీ చెప్పుకోలేదట. విష్ణువు పాదాల నుంచి పుట్టిన నాలుగో వర్ణం మాది, గంగకు తోబుట్టువులం అని రాయించుకున్నారట. ఎంత నిబ్బరం! వాళ్లు వద్దనుకున్న సూర్యుణ్ని మేం పదిహేను వేలు పెట్టి ఫ్రేములో పెట్టించుకున్నాం.

ఇక ఫలితం. మా జేజమ్మ మాట నిజమేనా? మాస్టారి నివేదికలో ఒక పేజీ అంతా దీని మీదే ఉంది. రెడ్డి రాజులు పంట రెడ్లు, ఇంటిపేరు దేసటి. మేమూ పంట రెడ్లమే. కానీ పంట అనేది ఒక శాఖ, అందులో వేల కుటుంబాలున్నాయి, శాఖ కలిసినంత మాత్రాన వంశం కలిసినట్టు కాదు. 1424కీ 1860లకీ మధ్య నాలుగొందల ఏళ్ల పైన మా ఇంటికి ఆధారం లేదు. దర్శి, పొదిలి, ఒంగోలు, కందుకూరు, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి కాబట్టి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలూ తాలూకాల వారీగా వెతికారు, కైఫియ్యతులు (ఊళ్ల పాత చరిత్రలు రాసిపెట్టిన కాగితాలు) చూశారు. మా ఊరి చుట్టుపక్కల రెడ్ల పేర్లు కొన్ని దొరికాయి, మా వాళ్లతో కలిపే ముడి దొరకలేదు. చార్టులో ఆ నాలుగొందల ఏళ్లూ తెల్లగా వదిలేశారు.

మా అన్నయ్య ఊరుకోలేదు. "ఇంకో పది వేలు ఇస్తాం, చుక్కల గీతయినా గీయండి మాస్టారూ, పెదనాయన సంతోషపడతారు" అన్నాడు. ఆయన కోప్పడలేదు. "గీస్తే మీ మనవలు దాన్ని గట్టి గీత అనుకుంటారు బాబూ" అని చార్టు చుట్టి చేతికిచ్చారు. నేను నాలుగున్నర ఇస్తున్నది ఆ మాటకే.

అర ఎందుకు తగ్గించానంటే, మూడు నెలలన్న పని ఏడు నెలలు పట్టింది. మధ్యలో మనం ఫోన్ చేస్తే తప్ప వాళ్లు చెప్పరు, పెదనాయన వయసుకు ఆ ఎదురుచూపు చాలా టెన్షన్. 1905 సంపుటాల్లోని పేజీలు ఇంగ్లిషులో ఉన్నవి ఉన్నట్టే జతచేశారు, వాటికి తెలుగులో నాలుగు ముక్కలు రాసుంటే ఇంట్లో పెద్దవాళ్లూ చదువుకునేవాళ్లు. మేడ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లొద్దు, ముందు చెప్తే మాస్టారే కిందికి వస్తారు.

వెళ్లేవాళ్లు ఉదయం పది తర్వాత వెళ్లండి, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా గది తీయరు. ఇంట్లో దొరికిన ప్రతి కాగితమూ తీసుకెళ్లండి, ఒరిజినల్ వాళ్ల దగ్గర వదలక్కర్లేదు, మీ ఎదురుగానే ఫొటో తీసుకుని ఇచ్చేస్తారు.

పెదనాయన పాత ఫ్రేము తానే దింపించారు. కొత్త చార్టు పెట్టేటప్పుడు ఒక్కటే అడిగారు, వీలునామాలోని ఆ కూతురి పేరు కొడుకుల పేర్లంత పెద్ద అక్షరాల్లో ఉండాలని. మాస్టారు అలాగే మళ్లీ ప్రింటు తీయించి పంపారు, దానికి డబ్బు అడగలేదు. పోయిన వారం మా జేజమ్మ పుట్టింటి వైపు వెతకడానికి అడ్వాన్సు కట్టి వచ్చాను. వాళ్లది కావలి దగ్గర పల్లె, అక్కడ కూడా ఒక రేకు పెట్టె ఉందట.